అప్పు పరిమితి నిండితే ముందు ఎవరికి చెల్లించాలి?

ప్రశ్న (నల్లగొండ, గ్రూప్-1 అభ్యర్థి):
అమెరికా రుణ పరిమితి, అంటే అక్కడి ప్రభుత్వం మొత్తం ఎంతవరకు అప్పు చేయవచ్చో చట్టం పెట్టిన హద్దు గురించి చదువుతున్నాను. పరిమితి నిండినప్పుడు ప్రభుత్వ బాండ్ల అసలు, వడ్డీలను ముందు చెల్లించి మిగతా బిల్లులను తరువాత చూడాలనే బిల్లు 2013 మే నెలలో అక్కడి ప్రతినిధుల సభలో నెగ్గినా చట్టం కాలేదట. అప్పిచ్చినవారికి ముందు చెల్లించడం న్యాయమే కదా, మరి అంత వ్యతిరేకత ఎందుకు? మన రాజ్యాంగంలో ఇలాంటి ఏర్పాటు ఉందా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు (మహబూబ్‌నగర్, ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి):
అక్కడి పరిమితి కొత్త ఖర్చును ఆపదు. చట్టసభ ఇదివరకే ఒప్పుకున్న ఖర్చుకు డబ్బు తెచ్చే దారిని మూస్తుంది. అందువల్ల ఎవరికి చెల్లించకపోయినా ఏదో ఒక చట్టాన్ని మీరినట్లే అవుతుంది. బాండ్లకు మొదటి వరుస ఇస్తే సైనికుల జీతాలు, ఆసుపత్రుల బిల్లులు వెనక్కి పోతాయి. ఆనాడు అమెరికా బాండ్లను అత్యధికంగా కొన్న విదేశం చైనాయే కనుక, ప్రత్యర్థులు దీనిని "ముందు చైనాకు చెల్లించే బిల్లు" అని ఎద్దేవా చేశారు. సెనేట్‌లో అది ముందుకు సాగలేదు. వరుస నిర్ణయించడం కాగితం మీద రాసినంత సులువు కాదని కూడా గమనించండి: అక్కడి ఖజానా వ్యవస్థలు ప్రతి బిల్లును గడువు రాగానే చెల్లించేలా కట్టినవే తప్ప, ఏది ముందు ఏది వెనుక అని ఎంచడానికి కట్టినవి కావు. 2011లో పరిమితిని చివరి క్షణంలో పెంచినందున చెల్లింపులు ఆగలేదు గానీ, ఆ తగువు చూసి స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ ఆ ఏడాది ఆగస్టు 5న అమెరికా రేటింగ్‌ను (అప్పు తీర్చగలదన్న నమ్మకానికి ఇచ్చే శ్రేణిని) ఒక మెట్టు దించింది.

మన దగ్గర సంగతి వేరు. కేంద్రానికి 112(3), రాష్ట్రాలకు 202(3) అధికరణాల ప్రకారం రుణ భారం సంచిత నిధిపై (ప్రభుత్వ రాబడి, అప్పులు చేరే ప్రధాన ఖాతాపై) నేరుగా పడే వ్యయం. దానిపై సభ చర్చించవచ్చు, ఓటు మాత్రం వేయదు. హైకోర్టు న్యాయమూర్తుల జీతాలూ అదే జాబితాలో ఉన్నాయి.

జవాబు (సూర్యాపేట, చిన్న గుత్తేదారు):
మరి మా వరుస ఎక్కడుంది సార్? ఊళ్లో సీసీ రోడ్డు వేసి, కొలతలు రాయించి, బిల్లుకు టోకెన్ తీసుకుని పద్నాలుగు నెలలైంది. ఇంట్లో బంగారం కుదువపెట్టి సిమెంటు దుకాణంలో బాకీ తీర్చాను. ఆ వడ్డీ నాకెవరూ ఇవ్వరు. బాండు కొన్నవాడు అప్పిచ్చినవాడైతే, పని చేసి డబ్బు కోసం ఆగినవాడు కూడా అప్పిచ్చినవాడే కదా?

జవాబు (దేవరకొండ, అర్థశాస్త్ర అధ్యాపకుడు):
పై మిత్రుని మాటలోనే అసలు చిక్కు ఉంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే 293(3) కింద కేంద్రం అనుమతి కావాలి. ఏటా పరిమితి కేంద్రం దగ్గరే నిర్ణయమవుతుంది. దీనిపై కేరళ వేసిన దావాను సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. ఆదాయం చాలనప్పుడు రాష్ట్రం రిజర్వు బ్యాంకు చేబదుళ్ల మీద, అవీ దాటితే ఓవర్‌డ్రాఫ్ట్ మీద నడుస్తుంది. వరుసగా 14 పనిదినాలు దాటి ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే బ్యాంకు చెల్లింపులు ఆపుతుంది. ఆ స్థితి రాకుండా చూసుకునే క్రమంలో ఖజానా ముందుగా నిలిపేది ఓటుకు వచ్చిన వ్యయాన్నే, అందులోనూ గట్టిగా అడగలేనివారి బిల్లులనే.

బాండ్లకు భరోసా ఉండటం చెడ్డదని నేను అనను, దానివల్లే రాష్ట్రానికి అప్పు తక్కువ వడ్డీకి పుడుతోంది. అయితే ఆ భరోసాకు మూల్యం చెల్లించేది టోకెన్ పట్టుకుని నిలబడినవారే. అమెరికా బిల్లును వ్యతిరేకించినవారు భయపడింది కూడా ఇదే: బాండ్లు సురక్షితమని తేలితే, మిగతావారి బాకీలు ఆగినా పరిమితిని పెంచే తొందర చట్టసభకు ఉండదు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలు సార్. బాండ్ల వాళ్లనే అప్పిచ్చినవాళ్లుగా లెక్కపెట్టి అడిగాను. సూర్యాపేట అన్నగారి బిల్లు నా ప్రశ్నలోనే లేదు.