సెన్సెయ్ గారి వీడ్కోలు: సభ వద్దు, ఆఖరి క్లాసు పెడదాం

అందరికీ నమస్కారం. మన పిల్లల జపనీస్ కరాటే గురువు (సెన్సెయ్ అంటే గురువు) గారి వీడ్కోలుకి, శనివారం ప్రోగ్రాంకి పేరిచ్చిన వాలంటీర్లంతా దయచేసి పూర్తిగా చదవండి. పొడుగు మెసేజే, కానీ ఎవరి పని ఏమిటో, మీరడిగినవాటికి నా జవాబులూ మధ్యమధ్యలో ఉన్నాయి.

మొన్న మీటింగ్‌లో స్టేజి, ఆరుగురి ప్రసంగాలు, జ్ఞాపిక అనుకున్నాం. నేనూ సరేనన్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే మనసొప్పలేదు. మూడు నెలలుగా మన పిల్లలకి కరాటే నేర్పిన మనిషి మైకు పట్టుకోవడం నేను చూడలేదు. గొంతు పెంచడం కూడా చూడలేదు. మొదటి వారం గుర్తుందా? పిల్లలు గుమ్మం దగ్గర బూట్లు ఒకదానిమీద ఒకటి విసిరేసి లోపలికి పరిగెత్తారు. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో జతా తీసి, మొన బయటివైపుకి ఉండేలా వరసగా పెట్టారు. మా చిన్నది గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. రెండో క్లాసుకి పెద్ద పిల్లలు ఆ పని అందుకున్నారు. మూడో క్లాసు నుంచి ఎవరికీ చెప్పాల్సిన అవసరమే రాలేదు.

అలాంటి మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి గంటన్నర పొగిడితే ఇబ్బంది పడతారు. పోయినేడాది ఇంకో అతిథి వీడ్కోలుకి మనం అదే చేశాం. ప్రసంగాలు సాగి సాగి, పిల్లల వంతు వచ్చేసరికి సగం మంది నిద్రపోయారు. ఆ తప్పు మళ్ళీ వద్దు.

ఈయన నేర్పేది షోటోకాన్ అనే కరాటే శైలి. 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చి ఈ విద్యను నేర్పిన ఫునకోషి గిచిన్ రాసిన ఇరవై సూత్రాల్లో మొదటిది ఇదే: కరాటే వందనంతో మొదలై వందనంతోనే ముగుస్తుందని మరవకు. మొదలయ్యింది మనం చూశాం. ముగింపు కూడా అలాగే జరగనిద్దాం.

ముందు అందరూ వరసల్లో నిలబడతారు, బెల్టుల క్రమంలో. తర్వాత మోకాళ్ళమీద కూర్చుని మొకుసో, అంటే కళ్ళు మూసుకుని ఊపిరి మీద మనసు పెట్టడం. ఆ కాసేపూ ఫోటో టీమ్ ఫ్లాష్ వాడొద్దు, నడవొద్దు. ఆ తర్వాత పిల్లలంతా కలిసి హెయాన్ షోదాన్ అనే కతా, అంటే ఒక క్రమంలో చేసే కదలికల వరస, చేస్తారు. మొత్తం 21 కదలికలు, తొమ్మిదో దానికీ పదిహేడో దానికీ కియాయ్, అంటే గట్టిగా అరుపు. సౌండ్ చూసే అన్నయ్య ఆ టైంలో మైకులు ఆపేయాలి. ఈ కతా మొదలుపెట్టిన చోటుకే తిరిగి రావాలి. అందుకే సెన్సెయ్ గారు ఒక్కొక్కరి పాదాల కింద నేలమీద చిన్న టేపు ముక్క అంటించేవారు. ఎవరైనా ఒక అడుగు పక్కకి తేలితే తిట్టేవారు కాదు, టేపు వైపు చూసేవారు. అంతే. పిల్లలే లెక్క సరిచూసుకునేవారు. శనివారం కూడా ఆ టేపులు ఉండాలి. హాల్ టీమ్ తుడిచేటప్పుడు పీకేయకండి.

దోజో కున్, అంటే కరాటే శిక్షణశాల నియమాలు, చెప్పేటప్పుడు స్క్రీన్ మీద వేసే స్లయిడ్‌లో ఐదు వాక్యాలకీ ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు వేశారు, తీసేయండి. ఐదూ 'హితొత్సు' అనే మొదలవుతాయి, అంటే 'ఒకటి' అని. ఏదీ ఇంకోదానికంటే తక్కువ కాదని దాని ఉద్దేశం.

హాల్ టీమ్: వదినా, అసోసియేషన్ బ్యానర్ ఎదుటి గోడకే కట్టాలని ప్రెసిడెంట్ గారు అంటున్నారు.

నేను: ఆ గోడ షోమెన్, పిల్లలు మొదట వందనం చేసేది దానికే. అటువైపు ఖాళీగా ఉండనివ్వండి. బ్యానర్ పక్క గోడకి కట్టండి, గ్రూప్ ఫోటోకి అక్కడే నిలబడదాం. ప్రెసిడెంట్ గారితో నేను మాట్లాడతాను. తల్లిదండ్రుల కుర్చీలు రెండు పక్కలా వేయండి, షోమెన్ వైపు మాత్రం వద్దు.

యాంకరింగ్ చేస్తున్న చెల్లి: అక్కా, అసలు ప్రసంగాలే లేవా? పెద్దవాళ్ళు ఫీలవుతారేమో.

నేను: ఉన్నాయమ్మా, కానీ ఇద్దరే. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. జపనీస్‌లోకి చెప్పే ఆవిడ వెంటవెంటనే అనువదిస్తారు కాబట్టి మూడు కాస్తా ఆరవుతుంది, అది లెక్కలో పెట్టుకో. ఇంకో మాట. పిల్లల చేత 'సయొనరా' అనిపించొద్దు. ఇక కలవమేమో అన్నట్టు వినిపిస్తుంది. రోజూ క్లాసు అయ్యాక చెప్పేదే చెప్పిద్దాం: 'అరిగతో గొజైమషిత'. చివర 'షిత' అంటే జరిగిపోయినదానికి కృతజ్ఞత. ఆఖరి రోజుకి అంతకంటే సరిపోయే మాట లేదు.

కానుకల టీమ్: నాలుగు పింగాణీ కప్పుల సెట్ చూశాం, చాలా బాగుంది. తెల్ల చామంతుల బొకే కూడా చెప్పేద్దామా?

నేను: ఆగండి ఆగండి, ఆర్డర్ ఇవ్వకండి. జపనీస్‌లో నాలుగుకి ఉన్న 'షి' అనే పలుకే చావుకి కూడా. తొమ్మిదీ వద్దు, 'కు' అంటే కష్టం. తెల్ల చామంతులు అక్కడ అంత్యక్రియలవి. కత్తులు, కత్తెరలు కూడా వద్దు, బంధం తెంచుకున్నట్టు అనుకుంటారు. నిజానికి కప్పులే వద్దు, ఆయన ఒకే సూట్‌కేసుతో వచ్చారు. షికిషి చేద్దాం. రమారమి 24 సెంటీమీటర్ల వెడల్పు, 27 పొడవు ఉండే గట్టి అట్ట. మధ్యలో సెన్సెయ్ గారి పేరు, చుట్టూ గుండ్రంగా పిల్లల మాటలు. ముప్ఫై మందీ ఒకే అట్టలో పట్టరు, రెండు తీసుకోండి. పిల్లలు తప్పులు రాసినా దిద్దకండి.

గౌరవ పారితోషికం కవరు సంగతి ట్రెజరర్ గారికి: ఎరుపు తెలుపు తాళ్ళతో, విప్పితే ఊడే ముడి ఉన్నది తీసుకోండి. నలుపు తెలుపు తాళ్ళ కవరు పొరపాటున కూడా వద్దు, అది చావు ఇంటికి. మీద 'సెంబెత్సు' అని రాయించకండి, అది సాటివాళ్ళకీ చిన్నవాళ్ళకీ ఇచ్చే వీడ్కోలు డబ్బు. కృతజ్ఞత అనే మాటే రాయించండి. రెండు చేతులతో ఇవ్వాలి. 'విప్పి చూడండి' అని బలవంతం చేయొద్దు, ఇచ్చినవాళ్ళ ముందు విప్పకపోవడమే వాళ్ళ మర్యాద.

ఒక పేరెంట్: మా వాడు రోజూ అడుగుతున్నాడు, నేను వెళ్ళి సెన్సెయ్‌ని గట్టిగా పట్టుకోవచ్చా అని. మర్యాద కాదేమో?

నేను: వరసలు, వందనాలు అయ్యాక ఆపొద్దు. మొదటి రోజు మీ వాడి బెల్టు ఊడిపోతే ఆయన నేలమీద కూర్చుని ముడి వేసి, రెండు కొనలూ సమానంగా ఉన్నాయో లేదో లాగి చూశారు. ఆ ఇద్దరి మధ్యలోకి మనం వెళ్ళనక్కర్లేదు.

రవాణా టీమ్: ఎయిర్‌పోర్టుకి ఎవరు?

నేను: నేనే నడుపుతాను, నా పక్క సీటు ఆయనకి. టాక్సీ అయితే డ్రైవరు వెనక సీటు పెద్దవాళ్ళది. పిలిచినవాళ్ళే కారు నడుపుతుంటే ముందు సీటు. కారు కదలగానే మీరంతా హాల్ సర్దడానికి లోపలికి పరిగెత్తకండి. కనుమరుగయ్యేదాకా గుమ్మం దగ్గరే నిలబడండి, అక్కడ అలాగే సాగనంపుతారు. మా చిన్నది ముందు వరసలో ఉంటానంది. హాల్ అరగంట ఎక్కువసేపు కావాలని అడిగి ఉంచాను. ఎనిమిదికి కారు తెస్తాను. టేపు చుట్ట ఎవరింట్లో ఉందో ఈ రాత్రికి చెప్పండి.