నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో ఏది ఆస్తి, ఏది ఖర్చు?

ప్రశ్న (తాడిపత్రి నుంచి):
తాడిపత్రిలో మాకు నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఉంది. డిసెంబరులో 8,00,000 రూపాయలకు కొత్త పాలిషింగ్ మిషన్ కొని, ఆ నెలలోనే నడిపించాము. జీఎస్టీ 1,44,000, లారీ కిరాయి 25,000, పునాది దిమ్మెకు 40,000, బిగింపుకూ వైరింగుకూ కలిపి 15,000 అయ్యాయి. ఇందులో ఎంత ఆస్తిగా రాయాలో, ఎంత ఈ ఏటి ఖర్చులో చూపాలో తేలడం లేదు. యార్డులోని బండలు, కోత బ్లేళ్ళు, స్థలం, షెడ్డు కూడా కంటికి కనబడే వస్తువులే కనుక అన్నిటికీ తరుగుదల (ఆస్తి అరిగేకొద్దీ దాని ఖరీదులో ఏటా కొంత ఖర్చుగా రాయడం) వేయవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (కర్నూలు నుంచి):
వస్తువును దేనికోసం ఉంచుకున్నారో ముందు చూడండి. అమ్మడానికి పేర్చిన బండలు సరుకు నిల్వ కిందికి వస్తాయి. వాటిని కొన్న ఖరీదు, అమ్మితే చేతికొచ్చే ధర, ఈ రెండిటిలో ఏది తక్కువైతే దానికి లెక్కగట్టాలి తప్ప తరుగుదల ఉండదు. అవే బండలను మీరు కొత్తగా కట్టుకునే ఆఫీసు గదిలో పరిపిస్తే, వాటి ఖరీదు ఆ కట్టడం విలువలో కలుస్తుంది. కొద్ది నెలల్లో అరిగిపోయే బ్లేళ్ళు ఖర్చే.

మిషన్ పని మొదలుపెట్టేదాకా దానిమీద పెట్టినదంతా, అంటే కిరాయి, దిమ్మె, బిగింపు సహా, దాని ఖరీదే కాబట్టి 8,80,000 రాయండి. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటే, అంటే మీరు అమ్మకాలపై కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటే, ఖరీదులో కలపకూడదు. కలిపి తరుగుదల వేసుకుంటే క్రెడిట్ రాదు. ఆదాయపు పన్ను లెక్కలో యంత్రాలకు 15 శాతం తరుగుదల, అయితే కొన్న సంవత్సరం 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. డిసెంబరు నుంచి మార్చి నెలాఖరుకు అన్ని రోజులు నిండవు కనుక మీకు ఈ ఏడు 66,000 వస్తుంది. దిమ్మె కట్టిన మేస్త్రీకి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇచ్చి ఉంటే మాత్రం ఆ మొత్తం పన్ను లెక్కలో ఖరీదు కిందికి రాదు. మన దగ్గర చాలామంది నష్టపోయేది ఇక్కడే కాబట్టి ఆ చెల్లింపు వివరం తప్పక చూసుకోండి.

జవాబు (కడప నుంచి):
స్థలానికి తరుగుదల లేదు, షెడ్డుకు సాధారణంగా 10 శాతం. రెండూ ఒకే దస్తావేజుతో కొని ఉంటే విలువను విడదీసి రాయించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా సంతోషమండి. పాత మిషన్ మోటారు కాలిపోతే రీవైండింగ్ చేయించాము. అదీ ఆస్తికి కలుస్తుందా?

జవాబు (కర్నూలు నుంచి):
కలవదండి. అది మిషన్‌ను మునుపటి స్థితికి తెచ్చిన మరమ్మతు మాత్రమే కనుక ఈ ఏటి ఖర్చులో పోతుంది. దాని బదులు ఎక్కువ హార్స్‌పవర్ మోటారు బిగించి, రోజుకు పాలిష్ చేసే బండలు పెరిగేలా చేసి ఉంటే మూలధన వ్యయం, అంటే ఆస్తి ఖరీదులో కలిసే ఖర్చు, అయ్యేది. ప్రతి యంత్రానికీ పెయింటుతో ఒక నంబరు రాయించి, ఆ నంబరు, బిల్లు తేదీ, ఖరీదు, నడిపించిన తేదీ ఆస్తుల రిజిస్టరులో ఎక్కించండి. మార్చి నెలాఖరులో రిజిస్టరు పట్టుకుని షెడ్డంతా తిరిగి సరిచూస్తే, పాత ఇనుముకు అమ్మేసిన మిషన్ ఇంకా లెక్కల్లో నిలిచి ఉంటే తెలిసిపోతుంది. దాన్ని అమ్మగా వచ్చిన సొమ్మును ఆ తరగతి యంత్రాలకు తరుగుదల పోను మిగిలిన విలువలోంచి తీసివేయాలి.