కంప్యూటర్ వేగం ఎంత ఉండాలో ఎవరు తేల్చాలి: ప్రాసెసరా, వాడే మనిషా?

రాత్రి_చదువరి:
వారం రోజులుగా ల్యాప్‌టాప్‌ను పవర్ సేవర్‌లోనే ఉంచాను. మెయిల్స్, పీడీఎఫ్‌లు, వీడియోలు, దేంట్లోనూ తేడా తెలియలేదు. ఫ్యాన్ మోత మాత్రం ఆగిపోయింది. మరి ఇన్నాళ్లూ ఆ వేగమంతా ఎవరి కోసం? ప్రాసెసర్ ఎంత బిజీగా ఉందో చూసి సిస్టమ్ దాని ఫ్రీక్వెన్సీని, అంటే అది నడిచే వేగాన్ని, పెంచేస్తోంది, ఎదురుగా కూర్చున్న మనిషికి అది అవసరమా అని చూడటం లేదు. చిప్ స్విచ్చింగ్‌కి (లోపలి ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ కావడానికి) పట్టే పవర్ ఫ్రీక్వెన్సీని బట్టి, వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. రెండూ 20 శాతం తగ్గిస్తే 0.8×0.8×0.8, అంటే దాదాపు సగం మిగులు. పోయే వేగం ఐదో వంతే.

కంపైలర్:
అది పవర్ లెక్కండీ, సెకనుకు ఎంత అని. బ్యాటరీలోంచి పోయేది ఎనర్జీ, పని ముగిసేసరికి మొత్తం ఎంత అని. నెమ్మదిగా చేస్తే అదే పనికి ఎక్కువసేపు మేలుకుని ఉండాలి, అంతసేపూ లీకేజీ (చిప్ పని చేయకపోయినా కారిపోయే కరెంటు), మెమరీ, స్క్రీన్ కరెంటు తాగుతూనే ఉంటాయి. గబగబా ముగించి నిద్రపోవడమే నయం. పైగా మీవన్నీ తేలిక పనులు. నాకు 8 నిమిషాల బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని) 10 నిమిషాలైతే ఆగలేక ఇంకో ట్యాబ్‌లోకి పోతాను. తిరిగొచ్చేసరికి ఏ ఫంక్షన్ మారుస్తున్నానో గుర్తుండదు. పోయింది రెండు నిమిషాలు కాదు, ధ్యాస.

రాత్రి_చదువరి:
బిల్డ్ విషయం ఒప్పుకుంటాను. కానీ ఒక్కో పనికి అయ్యే స్విచ్చింగ్ ఎనర్జీ కూడా 0.8×0.8, అంటే 0.64 వంతుకు తగ్గుతుంది కదా. మిగతా భాగాలు తాగేది దాన్ని మించితేనే మీ మాట నెగ్గుతుంది. టర్బోలో (ప్రాసెసర్ కాసేపు మామూలు కన్నా వేగంగా నడిచే మోడ్‌లో) చివరి కాస్త వేగం కోసం వోల్టేజీ ఎంత ఎగబాకుతుందో చూడండి, అక్కడ తగ్గించడానికి చాలా చోటుంది.

నీలి_తెర:
60 హెర్ట్జ్ స్క్రీన్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారే స్క్రీన్ మీద ఒక్కో ఫ్రేముకు (బొమ్మకు) సుమారు 16.7 మిల్లీసెకన్లు ఉంటాయి. ఫ్రేము 6కే తయారైనా, 14కి తయారైనా కంటికి ఒకటే. 20 దాటిందా, స్క్రోల్ చేసేటప్పుడు కుదుపు వెంటనే తెలుస్తుంది. ఆ గీత ఎక్కడుందో మనిషినే అడగాలని నా వాదన. 2006లోనే అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు అలాంటిది చేసి చూశారు: వేగం చాలకపోతే వాడేవాళ్లు ఒక కీ నొక్కుతారు, సిస్టమ్ దాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ సర్దుకుంటుంది. ఇది ప్రతి మెషీన్‌లోనూ ఉండాలి.

కంపైలర్:
ఆ కీ మీరూ నేనూ నొక్కుతాం. మా అమ్మ నొక్కదు. ఫారం నింపుతుంటే స్క్రీన్ రెండు సెకన్లు ఆగితే, "నేనే ఏదో తప్పు నొక్కాన్రా" అని చేతులు వెనక్కి తీసుకుంటుంది. ఆమె ఊరుకుంటే సిస్టమ్ దాన్ని తృప్తి కింద రాసుకుని ఇంకాస్త తగ్గిస్తుంది. కాబట్టి మొదలే కాస్త ఎక్కువ వేగంతో ఉండాలి, వద్దనుకున్నవాళ్లు తగ్గించుకోవాలి.