స్టెంట్ వేశాక గుండె బలానికి ‘ఎనర్జీ సెలైన్’ ఎక్కిస్తామంటున్నారు, పెట్టించాలా?

నంద్యాల కుర్రాడు:
నాన్నకు 61. షుగర్ ఉంది. అటాక్ వచ్చి ఇరవై రోజులైంది, కర్నూలులో స్టెంట్ వేశారు. గుండె పంపింగ్ 40 శాతమే ఉందన్నారు. ఇప్పుడు మా వీధి చివర క్లినిక్‌లో, గ్లూకోజ్‌లో ఇన్సులిన్, పొటాషియం కలిపి ఎక్కిస్తే గుండె కండకు శక్తి వస్తుందంటున్నారు. పది సిట్టింగులట, ఒక్కోదానికి 3,500. అమ్మ గాజులు తీసి నా చేతిలో పెట్టింది. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ సిస్టర్:
బాబూ, ముందు ఆ గాజులు అమ్మకిచ్చెయ్. సీసీయూలో, అంటే గుండె రోగుల ఐసీయూలో చాలా ఏళ్లు చేశాను, ఈ సెలైన్ నాకు కొత్త కాదు. గ్లూకోజ్, ఇన్సులిన్, పొటాషియం (K) కలిపి జీఐకే అనేవాళ్లం. లీటరు 25 శాతం గ్లూకోజ్‌లో 50 యూనిట్ల ఇన్సులిన్, 80 మిల్లీఈక్వివలెంట్ల పొటాషియం. కిలో బరువుకు గంటకు ఒకటిన్నర మి.లీ. చొప్పున 24 గంటలు. చెయ్యి మండిపోయి అర్ధరాత్రి ‘తీసెయ్ సిస్టరమ్మా’ అని బతిమాలేవాళ్లు. షుగర్ చూడ్డానికి మాటిమాటికీ వేలు పొడిచేదాన్ని.

ఆలోచన మంచిదే. మెక్సికోలో సోడి పల్లారెస్ అనే డాక్టరు 1962లో చెప్పాడు. రక్తం అందని కండ కొవ్వును వాడుకోవాలంటే ఆక్సిజన్ ఎక్కువ కావాలి, గ్లూకోజ్‌కి కాస్త తక్కువ చాలు. ఇన్సులిన్ ఆ గ్లూకోజ్‌నీ, పొటాషియాన్నీ కణంలోకి తోస్తుంది. వింటే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది, మేమూ నమ్మాం. కానీ 2005లో క్రియేట్-ఎక్లా అనే పెద్ద అధ్యయనం ఫలితాలొచ్చాయి. అటాక్ వచ్చిన 20,201 మంది, వాళ్లలో మన దేశంవాళ్లూ ఉన్నారు. నెల రోజుల్లో చనిపోయింది సెలైన్ పెట్టినవాళ్లలో 10 శాతం, పెట్టనివాళ్లలో 9.7.

అబ్బులు (108లో పనిచేస్తాను):
సిస్టర్ గారూ, అమెరికాలో అంబులెన్సులోనే మొదలుపెట్టి చూశారు కదా?

రిటైర్డ్ సిస్టర్:
అవునండీ, ఆ ఫలితం 2012లో వచ్చింది. అటాక్ ముదరకుండా ఆపుతుందా అన్నదే అసలు ప్రశ్న, ఆపలేదు. గుండె ఆగడం, ఆసుపత్రిలో మరణం కలిపి లెక్కేస్తే మాత్రం పెట్టనివాళ్లలో 8.7 శాతం, పెట్టినవాళ్లలో 4.4. కానీ అది నొప్పి మొదలైన తొలి గంటల మాట. ఇరవై రోజుల తర్వాత సిట్టింగులేమిటి? అసలే పంపింగ్ తక్కువ. 60 కిలోల మనిషికి పై లెక్కన రోజుకు రెండు లీటర్ల పైమాటే, ఆయాసం వస్తే? పొటాషియం ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. మానిటర్ లేని గదిలో నేనైతే ముట్టుకోను. బాబూ, నాన్నగారు రక్తం పలచబడే మాత్రలు రెండూ మానకుండా వేసుకుంటున్నారా? కాళ్లవాపు ఉందా?

నంద్యాల కుర్రాడు:
మాత్రలు వేస్తున్నాం అమ్మా. వాపు సాయంత్రం కొద్దిగా ఉంటోంది. సెలైన్‌లో ఏమేం కలుపుతారో రాసివ్వమంటే క్లినిక్‌వాళ్లు రాయలేదు.

రిటైర్డ్ సిస్టర్:
వాపు సంగతి రేపే కర్నూలు డాక్టరుకు ఫోన్ చేసి చెప్పు. రోజూ పొద్దున్నే బరువు చూసి రాసిపెట్టు.