138 కిలోల బరువు: తగ్గడం ఎక్కడ మొదలుపెట్టాలి?

నా వయసు 23, ఎత్తు 172 సెంటీమీటర్లు, బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచీ) 46 దాటింది. ఇంట్లోని వెయింగ్ మెషిన్ 130 దాటితే ఎర్రర్ చూపిస్తుంది కాబట్టి, అసలు బరువెంతో ఆసుపత్రిలోనే తెలిసింది. వంగి బూటు లేసు కట్టుకోవాలంటే ఊపిరి బిగబట్టాల్సి వస్తోంది.

రెండేళ్ల క్రితం ఒంటిపూట భోజనంతో మూడు నెలల్లో 17 కిలోలు తగ్గాను గానీ, అది మానేసిన ఏడాదిలోపే 21 కిలోలు పెరిగాను. అందుకే ఈసారి వారానికి అర కిలో తగ్గినా చాలనుకుంటున్నాను. ముందు 5 నుంచి 10 శాతం, అంటే 7 నుంచి 14 కిలోలు తగ్గినా రక్తపోటు, షుగర్ మెరుగుపడతాయని డాక్టరు గారు చెప్పారు. ఎలా తగ్గాలో అడిగేలోపే నా తర్వాతి వారిని పిలిచారు.

పావుగంట నడిస్తేనే మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. ఇంతటి బరువుతో మొదలుపెట్టినవారు నడకనే ఐదేసి నిమిషాలుగా విడగొట్టుకున్నారా, లేక ఈత, కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలతో ప్రారంభించారా? తిండి విషయంలో కేలరీలు లెక్కపెట్టడం మేలా, లేక ముందు తీపి పానీయాలూ రాత్రి చిరుతిళ్లూ మాని, ప్రోటీన్ పెంచి చూడాలా? అన్నిటికన్నా నా భయం, కొన్ని వారాలపాటు బరువు కదలకపోతే మళ్లీ పస్తులకు దిగుతానేమోనని. ఆ దశను మీరెలా దాటారో దయచేసి వివరంగా చెప్పగలరు.