డ్యూటీలో నవ్వాపుకోలేకపోయిన సంగతులు: విశాఖ సిస్టర్లూ, బ్రదర్లూ, మీవీ చెప్పండి

రాత్రిడ్యూటీ:
ముందు నాది. పోయిన నెల హెర్నియా ఆపరేషన్‌కి చోడవరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రాత్రే చెప్పాను, పొద్దున్న ఏమీ తినకూడదని. తెల్లారి చెక్‌లిస్టు పట్టుకెళ్లి "ఏమైనా తిన్నారా తాతా?" అన్నాను. "నేదమ్మా" అన్నారు. టిక్కు పెట్టబోతూ చూస్తే మీసం మీద అల్లం చట్నీ! "మరిదేటి?" అంటే "అది టిపినీ కదమ్మా, నాలుగిడ్లీలు. బువ్వ ముట్టుకుంటే ఒట్టు."

ఆయన అబద్ధం చెప్పలేదు. మన ఇళ్లల్లో తినడం అంటే అన్నమే కదా! కానీ మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, ఇడ్లీ అయినా 6 గంటలు ఆగాల్సిందే. కేసు సాయంత్రానికి పోయింది. మత్తు డాక్టరు మాత్రం నన్నే తిట్టారు. ఇప్పుడు విడివిడిగా అడుగుతున్నాను: బువ్వ? టిఫినీ? టీలో బన్ను? అరటిపండు?

బ్రదర్‌బాబు:
ప్రసాదం కూడా అడగండి. అది తిండి లెక్కలోకే రాదు.

మగ నర్సులం మేం నలుగురం ఉన్నాం మా దగ్గర. అందరూ బ్రదర్ అని పిలుస్తారు. ఒక మామ్మ మాత్రం డిశ్చార్జి దాకా నన్ను "సిస్టరు బాబూ" అనే పిలిచింది. ఇప్పుడు వార్డంతా అదే పేరు, డాక్టర్లతో సహా.

సీతమ్మధార_సిస్టర్:
ఆషాఢం కాబట్టి నాది గోరింటాకు కథ. పుట్టింటికొచ్చిన కొత్త పెళ్లికూతురు, జ్వరం, కొంచెం ఆయాసం. వేలికి ఆక్సిమీటర్ పెడితే ఒంట్లో ఆక్సిజన్ 86. నా గుండె జారింది. పిల్ల చూస్తే వాళ్ల చెల్లితో గలగలా కబుర్లు చెబుతోంది! వేలు మార్చాను, 84. అప్పుడు చూశాను, గోళ్లు నల్లగా మాడినట్టు పండి ఉన్నాయి. ఆ మెషీను గోటిలోంచి వెలుతురు పంపి లెక్క కడుతుంది కదా, ముదురు రంగు అడ్డొస్తే తప్పు చెప్తుంది. కాలి వేళ్లు చూస్తే అక్కడా గోరింటాకే. చెవికి పెడదామంటే బుట్టలు. అత్తగారు పెట్టినవట, తియ్యనంటుంది. బతిమాలి ఒకటి తీయించి చెవి తమ్మెకు పెట్టాను. 98!

వాళ్లమ్మ మాత్రం పండిన చెయ్యి నాకు చూపిస్తూ "మొగుడికి ఎంత ప్రేమో చూడండి సిస్టర్" అంది.

లేబర్‌రూమ్:
మా దగ్గర పంచాంగం లేకుండా బిడ్డ పుట్టదు. సిజేరియన్లకు ముహూర్తం పెట్టించుకుని వస్తారు, అది మామూలే. మొన్నామధ్య, జూన్‌లో ఒక సోమవారం పొద్దున్న నార్మల్ డెలివరీ. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం అంటారు కదా. 8:50కి తల కనిపిస్తోంది. తలుపు సందులోంచి నాయనమ్మ: "సిస్టరమ్మా, పది నిమిషాలు ఆపండి!"

ఆపడానికి అదేమైనా బస్సా? 8:56కి ఆడపిల్ల, మంచి ఏడుపు. బయటికొచ్చి టైము చెప్తే నాయనమ్మ కూలబడింది. 9:01 రాయమని ఒకటే గొడవ. రాయనన్నాను. చేతిలో 500 పెట్టబోయింది, అదీ వద్దన్నాను.

అప్పుడు తాతగారు పురోహితుడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. ఆయన తాపీగా అన్నారు: "ఏడున్నర, తొమ్మిది అనేవి సూర్యోదయం ఆరింటికైతే. మన విశాఖలో ఇప్పుడు ఐదున్నర లోపే పొద్దు పొడుస్తోంది. హైదరాబాద్ కన్నా దాదాపు 20 నిమిషాలు ముందు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రాహుకాలం రెండోది, అది ఎనిమిదీ ముప్పావుకి ముందే అయిపోయింది." నాయనమ్మ లేచి నా బుగ్గలు పుణికింది. ఆ 500కి స్వీట్లొచ్చాయి.

నేను కాగితం మీద లెక్క వేసి చూశాను కూడా. కరెక్టే.

రాత్రిడ్యూటీ:
@లేబర్‌రూమ్ తూర్పు తీరంలో పుట్టడం కలిసొచ్చింది పిల్లకి.

బ్రదర్‌బాబు:
సింహాచలం అప్పన్న కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ రాత్రి ఎవరికైనా డ్యూటీ పడిందా? 32 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా నడిచి, అరికాళ్లు బొబ్బలెక్కి వస్తారు. ఒకాయన హనుమంతవాక దగ్గర కళ్లు తిరిగి పడిపోతే తెచ్చారు. సెలైన్ ఎక్కించి, కట్టు కట్టి, వీల్‌చైర్ తెస్తే ఎక్కడే! "చక్రాలెక్కితే నా నడక చెల్లదు. ఇక్కడ నుంచి మళ్లీ హనుమంతవాకకే దించండి, ఆగిన చోటు నుంచే మొదలెడతాను." మా వార్డులో ఆయన కుంటుకుంటూ నడిచిందీ లెక్కలోకి రాదట, అది అప్పన్న దారి కాదట.

పాత_ఇన్‌చార్జ్:
నాది నవ్వులాటో కాదో మీరే చెప్పండి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. అద్దాలు పగిలి, కరెంటు పోయి, మంచాలన్నీ నడవాలోకి లాగాం. మధ్యాహ్నం గాలి టక్కున ఆగింది. జనం "అయిపోయింది, ఇంటికెళ్తాం" అని సంచులు సర్దేస్తున్నారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. కాలు విరిగి ఉన్న పెదజాలరిపేట తాత ఒకాయన మంచం మీంచే అరిచాడు: "ఒలే, ఎవులూ కదలకండి! ఇది తుపాను కన్ను. ఇప్పుడు ఆ పక్క నుంచి కొడతాది." నేను గేటు దగ్గర మనిషిని నిలబెట్టి ఎవరినీ పోనివ్వలేదు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి కొట్టింది చూడండి, మిగిలిన అద్దాలూ పోయాయి.

సీతమ్మధార_సిస్టర్:
ఒళ్లు జలదరించింది. ఆ తాత తర్వాత ఏమయ్యాడు?

పాత_ఇన్‌చార్జ్:
నాలుగో రోజు డిశ్చార్జి. వెళ్తూ వెళ్తూ ఎక్స్‌రే ఫిలిం ఇంకోటి ఉంటే ఇమ్మన్నాడు. ఎందుకూ అంటే, ఇంటి కిటికీకి రెండద్దాలు పోయాయట, చేతిలో ఉన్నది ఒకదానికే సరిపోతుందట.