వీఎం (వర్చువల్ మెషీన్) ఆగకుండా దాని కెర్నల్ (ఓఎస్ మూల భాగం) మెమరీ చూడాలంటే లోపలి నుంచా, హోస్ట్ (వీఎంని నడిపే అసలు మెషీన్) నుంచా?

స్లాబ్‌వేట: గెస్ట్ లైనక్స్‌లో (వీఎం లోపలి ఓఎస్) ఒక ప్రాసెస్ డీ స్టేట్‌లో (దేనికోసమో ఎదురుచూస్తూ, సిగ్నల్స్‌కి కూడా లేవని స్థితి) ఇరుక్కుంది, కిల్ కొట్టినా చావదు. రీబూట్ చేస్తే ఆధారం పోతుంది. గెస్ట్‌లోనే కెకోర్ (నడుస్తున్న కెర్నల్ మెమరీని చూపే ఫైలు) మీద క్రాష్ టూల్ (ఆ మెమరీని విప్పి చూపే ప్రోగ్రాం) పెట్టి చూద్దామనుకుంటున్నా.

రింగ్‌జీరో: వద్దు. మీరు మెమరీలో ఏదైనా లిస్ట్ చదువుతుండగానే కెర్నల్ దాన్ని మార్చేస్తుంటుంది, సగం పాత పాయింటర్లు (మెమరీ అడ్రస్‌లు), సగం కొత్తవి వస్తాయి. హోస్ట్‌లో విర్ష్ డంప్ (వీఎం మెమరీ మొత్తాన్ని ఫైలుగా తీసే కమాండ్) కొట్టించండి. డంప్ అయ్యేదాకా వీఎం ఆగి ఉంటుంది కాబట్టి అంతా ఒకే క్షణానిది.

బిట్‌మూర్తి: డెవ్ మెమ్ (మెమరీని నేరుగా చూపే ఇంకో ఫైలు) ఇప్పుడు ర్యామ్ చదవనివ్వదుగా, స్ట్రిక్ట్ డెవ్‌మెమ్ అనే కెర్నల్ సెట్టింగ్ ఉంటుంది.

స్లాబ్‌వేట: నేనన్నది కెకోర్ అండీ, డెవ్ మెమ్ కాదు. అయినా ఇరుక్కున్న ప్రాసెస్ స్టాక్ (ఏ ఫంక్షన్‌లో ఆగిందో చెప్పే జాడ) ఎక్కడికి పోతుంది? అది కదలట్లేదనేగా నా బాధ!

బిట్‌మూర్తి: కెర్నల్ లాక్‌డౌన్‌లో (రూట్‌కి కూడా కెర్నల్‌ని ముట్టనివ్వని భద్రతా మోడ్) ఉంటే కెకోర్ కూడా రాదు.

స్లాబ్‌వేట: లాక్‌డౌన్‌లో కఠినమైన కాన్ఫిడెన్షియాలిటీ మోడ్‌ అయితేనే. ఇక్కడ అది లేదు.

ఊపుకుమార్: సిస్‌ఆర్‌క్యూ డబ్ల్యూ (ఇరుక్కున్న ప్రాసెస్‌లన్నీ చూపించే కీ) కొట్టారా?

స్లాబ్‌వేట: కొట్టా. మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళం) దగ్గర ఆగిందని తెలిసింది, పట్టుకున్నదెవరో దాంట్లో రాదు.

రింగ్‌జీరో: అందుకే డంప్ అంటున్నా. ఒక్క ఫైలు అడగడానికి ఇంత మొండితనం ఎందుకు?

స్లాబ్‌వేట: ఎందుకంటే పోయినేడు హోస్ట్ వాళ్లు ఇలాగే మాకు చెప్పకుండా డేటాబేస్ వీఎం ఆపారు. క్లస్టరేమో అది చచ్చిందనుకుని రెండో నోడ్‌కి మారిపోయింది. తిట్లు మాకు. పైగా ఆ డంప్‌లో మా కీలు, పాస్‌వర్డులు అన్నీ ఉంటాయి, అది ఎవరి డిస్క్ మీద పడుంటుందో నాకెవరు చెప్తారు?

రింగ్‌జీరో: అదీ సంగతి! ఇది డీబగ్గింగ్ గొడవ కాదు, హోస్ట్ వాళ్ల మీద మీకు నమ్మకం లేదు. అలాగైతే ఎస్‌ఈవీ (ఏఎమ్‌డీ ప్రాసెసర్లలో వీఎం మెమరీకి రక్షణ) పెట్టుకోండి, మెమరీ ఎన్‌క్రిప్ట్ అయ్యుంటుంది, డంప్ తీసినా వాళ్లకి చెత్తే కనిపిస్తుంది.

స్లాబ్‌వేట: నమ్మకం లేదు, దాచను. మీకుందా?

రింగ్‌జీరో: నేనే హోస్ట్ వైపు వాణ్ణి. రాత్రి 2 గంటలకి ఫోన్ చేసి "మీ వల్లే" అనేది మీలాంటి వాళ్లే.

ఊపుకుమార్: 😂

స్లాబ్‌వేట: సరే, దొరికింది. లోపలి నుంచే చూశా. మ్యూటెక్స్ ఓనర్ ఫీల్డ్‌లో చివరి 3 బిట్లు ఫ్లాగులు, అవి తీసేస్తే మిగిలేది తాళం పట్టుకున్న టాస్క్ (ప్రాసెస్) అడ్రస్. ఆ టాస్కూ డీ స్టేట్‌లోనే ఉంది, వర్చువల్ డిస్క్‌కి (హోస్ట్ ఇచ్చేది) పంపిన రైట్‌కి (డేటా రాసే అభ్యర్థన) జవాబు రాక.

రింగ్‌జీరో: అంటే మా వైపు. డిస్క్ పేరు చెప్పండి, చూస్తా.